గుమాస్తాల సంఘము: అర్జీ నుండి హక్కు వరకు

వ్రాతపని చేసి జీవించువాడు తెలుగువారికి క్రొత్తవాడు కాడు. ఊరికి కరణము ఉండెను. రాజుల కొలువులో రాయసము వ్రాయువారు ఉండిరి. జమీందారు ఠాణాలో గుమాస్తా ఉండెను. కుంఫిణీ కాలమున చెన్నపట్టణపు కచేరీలలో వీరికి రైటర్లని పేరు వచ్చినది; బంగాళమున కేరాణీ లనిరి. రైటరు అను మాట మొదట సీమనుండి ఓడ దిగిన కుంఫిణీవారి చిన్న ఉద్యోగులదే. కలకత్తాలోని రైటర్సు బిల్డింగు 1780 ప్రాంతమున కట్టినది వారికొరకే. తరువాత ఆ పేరు మెల్లమెల్లగా మెట్లు దిగి దేశీయుల బల్లలయొద్దకు వచ్చినది. పేరు దిగినది గాని దానితోపాటు జీతము మాత్రము దిగిరాలేదు.

కరణమునకును కచేరీ గుమాస్తాకును నడుమ ఒక పెద్ద భేదము కలదు. కరణము తన ఊరికి ఒక్కడే. పొరుగూరి కరణముతో ఆయనకు వియ్యమో కయ్యమో ఉండవచ్చును గాని ఇద్దరును ఒక చోట కూర్చుండి ఒకే యజమానునికి ఒకే పని చేయుట లేదు. కచేరీలో అట్లు కాదు. ఒకే కప్పు క్రింద నూర్లకొలది మనుష్యులు, ఒకే తీరు బల్లలు, ఒకే తీరు కాగితములు, నెల మొదట ఒకే జీతపు పట్టీ. ఒకనికి వచ్చిన కష్టము పక్క బల్లవానికి చెప్పకయే తెలియును. సంఘము పుట్టుటకు ఇంతకంటె వేరు సామగ్రి అక్కరలేదు. ఐనను మన దేశమున కచేరీలు ఏర్పడిన నూరేండ్లకు పైబడి గుమాస్తాలకు సంఘము లేకుండెను.

ఇందుకు కారణము అర్జీ. గుమాస్తాకు కష్టము వచ్చినచో వ్రాసికొనుటకు దారి ఉండెను. కాని ఆ దారి ఒక్కొక్కరు నడువవలసిన సన్నని కాలిబాట. తన పేర, తన సంతకముతో, తన కష్టమును మాత్రమే వ్రాసి, పై అధికారి ద్వారా, ఆయన పై అధికారి ద్వారా పంపుకొనవలెను. త్రూ ప్రాపర్ ఛానెల్ అను మూడు మాటలు ఎరుగని కేంద్రోద్యోగి ఇల్లు లేదు. పదిమంది కలిసి ఒకే కాగితముపై సంతకములు చేసిరా, అది కష్టము చెప్పుకొనుట కాదు, క్రమశిక్షణకు భంగము. ఈ దృష్టి తెల్లవారితో పోలేదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో కూడ ఉమ్మడి విజ్ఞప్తులు క్రమశిక్షణను చెరుచునవి యనియే సర్కారు ఉత్తరువులు చెప్పుచుండెను. అర్జీ వ్రాయువాడు ఎంత నేర్పరి యైనను ఒంటరివాడు. ఒంటరివానికి దొరకునది దయ గాని హక్కు గాదు.

ఈ ఒంటరితనము మొదట చెదిరినది బంగాళమున. 1905 సెప్టెంబరులో, బంగాళ విభజనపై ఆ దేశము మండిపడుచున్న దినములలో, హౌరాలోని బర్ను కంపెనీ యందు పనిచేయు సుమారు 250 మంది బంగాళీ గుమాస్తాలు ఒక్కుమ్మడి లేచి వెలుపలికి వచ్చిరి. వారు జీతము పెంచుమని అడుగలేదు. తమకు అవమానకరమని తోచిన క్రొత్త పని నియమమొకటి వారిని లేపినది. కూటికొరకు గాక మర్యాదకొరకు గుమాస్తా మొదట లేచెననుట గమనింపదగినది. తెల్లని పంచె, మడత చెడని ఉత్తరీయము, ఇంటికి పోయిన అప్పులవాడు. వీటి నడుమ బ్రతుకు గుమాస్తాకు కడుపు మాడుట అలవాటే గాని నలుగురిలో తల దించుట అలవాటు కాదు. ఆ నెలలోనే కలకత్తా ప్రభుత్వ ముద్రణాలయములలో సమ్మె మొదలయినది. ఆ సమ్మె నడుచుచుండగనే అక్టోబరులో ముద్రాపకుల యూనియను ఏర్పడినది. 1906 జూలైలో ఈస్టిండియా రైల్వే గుమాస్తాలు పని మానిరి. అందుండి రైల్వే ఉద్యోగుల యూనియను పుట్టినది. 1907లో బొంబాయిలో తపాలా ఉద్యోగులు యూనియను పెట్టుకొనిరి. 1908లో తంతి ఉద్యోగులు బర్మాతో సహా దేశమంతట పని నిలిపిరి. ఆ సమ్మెలో ఒక చమత్కారము కలదు. వేల మైళ్ల దూరమున నున్నవారు ఒకరితో నొకరు సంప్రదించుకొనుటకు వారికి సభలు, కరపత్రములు అక్కరలేకపోయినవి. దొరతనమువారి తంతులే వారి సంఘపు వార్తాహరులైనవి.

బంగాళపు సమ్మెలకు వెనుక నిలిచిన నలుగురి పేర్లు చరిత్రలో నిలిచినవి. అశ్వినీకుమార బెనర్జీ, ప్రభాతకుసుమ రాయచౌధురి, అపూర్వకుమార ఘోషు అను మువ్వురు బారిస్టర్లు. ప్రేమతోష బోసు చిన్న అచ్చుకూటము యజమాని. వీరిలో ఒక్కడును గుమాస్తా కాడు. గుమాస్తా తన పక్షమున తానే మాటాడినచో మరునాడు బల్ల ఉండదు. వకీలు మాటాడినచో పోవునది లేదు. కావున సంఘమునకు నోరు బయటనుండి రావలసివచ్చినది. ఈ బయటివాడను మాట చిన్నదిగా తోచును గాని తరువాతి అరువది ఏండ్ల కథకు కీలకము దానియందే ఉన్నది.

మొదటి ప్రపంచయుద్ధము ముగియువేళకు ధరలు మండినవి. సంఘములు వానకు మొలచిన గరికవలె పుట్టినవి. ఇందు మన సీమకు దగ్గరి కథ ఒకటి కలదు. 1918 ఏప్రిల్ 27న చెన్నపట్టణము పెరంబూరులో మదరాసు లేబరు యూనియను స్థాపింపబడినది. దానికి పూనుకొన్నవారు జి. సెల్వపతి సెట్టిగారు, జి. రామానుజులు నాయుడుగారు అను ఇద్దరు బట్టల వర్తకులు, అధ్యక్షుడు బి. పి. వాడియాగారు. అది మిల్లు పనివారి సంఘమే గాని దాని వ్యాజ్యము గుమాస్తాలకును పనికివచ్చినది. మిల్లు యజమానులు వాడియాగారిపై చెన్నపురి హైకోర్టులో దావా వేసి నిషేధపు ఉత్తరువు పొందిరి. సంఘము పెట్టి పనివారికి హితవు చెప్పుట, యజమానునికిని పనివానికిని గల ఒడంబడికను చెరుచుటగా ఆనాటి చట్టమునకు కనబడినది. ఈ ఇక్కట్టు చూచియే ఎన్. ఎం. జోషిగారు 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో సంఘములకు చట్టరక్షణ కావలెనని తీర్మానము తెచ్చిరి. 1926లో ట్రేడు యూనియను చట్టము పుట్టి 1927 జూన్ 1 నుండి అమలునకు వచ్చినది. ఆ చట్టమున మొదట కార్యవర్గపు సభ్యులలో సగము మందివరకు బయటివారు ఉండవచ్చునని ఉండెను. బంగాళపు బారిస్టర్లకును పెరంబూరు వర్తకులకును అది ఆలస్యముగ వచ్చిన మన్నన.

ప్రభుత్వ కచేరీ గుమాస్తాకు మాత్రము ఈ చట్టము తలుపు తెరచియు తెరవనట్లే ఉండెను. అతని సంఘమును ప్రభుత్వము వేరు త్రాసులో తూచెను. దానికి పేరు యూనియను కాదు, సర్వీసు అసోసియేషను. అది ఉండవలెనన్నచో గుర్తింపు కావలెను. గుర్తింపు కావలెనన్నచో షరతులకు తల యొగ్గవలెను. ఆ షరతులు కాలక్రమమున పెరిగి, 1959లో కేంద్ర ప్రభుత్వము చేసిన సర్వీసు అసోసియేషన్ల గుర్తింపు నియమములలో నిండు రూపము దాల్చినవి. ఒకే విధమైన ఉద్యోగము చేయువారే సభ్యులుగా ఉండవలెను. కార్యవర్గమున బయటివాడు ఉండరాదు. ఏ ఒక్క ఉద్యోగి సొంత కష్టమును సంఘము ఎత్తుకొనరాదు. రాజకీయ నిధి ఉండరాదు. అనుమతి లేక పత్రిక నడుపరాదు. చదువరి ఒక్క క్షణము ఆగి చూడవలెను. ఒక్కని కష్టమును అర్జీలో ఒక్కడే వ్రాసుకొనవలెను, సంఘము ముట్టరాదు; అందరి కష్టమును సంఘము వ్రాయవచ్చును గాని అది ఉండవలెనా పోవలెనా అనునది ఆ అర్జీ నందుకొనువాని చేతిలో ఉన్నది.

ఇదే గుమాస్తా సాయంకాలము కచేరీ దాటి తన భాషవారితో కలిసి ఉగాదికి కవిసమ్మేళనమో, సంక్రాంతికి హరికథయో పెట్టుకొనుటకు ఈ గుర్తింపు నియమముల గొడవ లేదు. ఢిల్లీలోను, కలకత్తాలోను, బొంబాయిలోను కేంద్రోద్యోగులు నాటిన భాషా సంఘములు అంత త్వరగా వేరూనుటకు ఇదియు నొక కారణము కాబోలు. సభ నడుపుట, చందా వసూలు చేయుట, లెక్క అప్పగించుట, భిన్నాభిప్రాయము గలవానితో ఒకే వేదికపై కూర్చుండుట. ఈ విద్యలన్నియు రెండు చోట్లను అవే కదా.

1946 జూలై 11న తపాలా బంట్రోతులును క్రింది తరగతి ఉద్యోగులును దేశమంతట సమ్మె కట్టిరి. ఆ యేడే ప్రభుత్వము శ్రీనివాస వరదాచారిగారి అధ్యక్షతన మొదటి వేతన సంఘమును నియమించినది. 1947లో అది కనీస జీతమును 30 రూపాయలుగను, దానిపై కరువు భత్యము 25 రూపాయలుగను, మొత్తము 55గ నిర్ణయించినది. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలునకు వచ్చినది. దాని 19వ అధికరణము, మొదటి ఖండము, ‘సి’ ఉపఖండమున సంఘములు పెట్టుకొను హక్కు పౌరులందరికిని ఈయబడెను. పౌరులందరికిని అను మాటలో ప్రభుత్వ గుమాస్తా చేరునా? ఈ ప్రశ్నకు జవాబు వెంటనే దొరకలేదు. బాలకోటయ్య అను రైల్వే ఉద్యోగి తనను దేశభద్రతా నియమముల క్రింద తొలగించుట ఈ హక్కునకు విరుద్ధమని సుప్రీంకోర్టువరకు వెళ్లెను. 1957 డిసెంబరులో కోర్టు ఆయన వాదము నంగీకరింపలేదు. సంఘము పెట్టుకొనుటకు నీకు హక్కు ఉన్నది, కాని ఉద్యోగములో ఉండుటకు హక్కు లేదు. కావున ఉద్యోగము పోయినను ఆ హక్కు పోలేదని దాని సారాంశము. తర్కము నిర్దుష్టము. కాని ఉద్యోగము పోయినవానికి ఉద్యోగుల సంఘముతో నేమి పని యని సామాన్యునికి తోచక మానదు.

ఇదే కాలమున ఇంకొక తెలుగువాడు గుమాస్తాల పక్షమున చేసిన త్యాగము జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. వరాహగిరి వేంకటగిరిగారు ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి వచ్చి, బెంగాల్ నాగపూరు రైల్వే పనివారి సంఘమును నడిపిన బారిస్టరు. ఆ కాలపు మాటలో నిక్కమైన బయటివాడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైరి. బ్యాంకు గుమాస్తాల జీతములపై కార్మిక అప్పీలు ట్రైబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చుటతో, 1954లో ఆయన మంత్రిపదవిని విడిచిరి. ఉభయపక్షములును ఒక మధ్యవర్తిని ఒప్పుకొని వాని మాట వినవలెనని చెప్పుచు వచ్చిన మంత్రి, ఆ మధ్యవర్తి మాటను తన ప్రభుత్వమే త్రోసిపుచ్చగా కుర్చీలో ఉండలేకపోయిరి. గుమాస్తాల జీతపు పట్టీకొరకు కేంద్ర మంత్రి రాజీనామా ఇచ్చుట అరుదైన సంగతి.

ఇప్పుడు బొంబాయికి, అసలు కథకు రావలెను. దేశపు ఆడిటు వ్యవస్థకు 1860 నవంబరు 16న సర్ ఎడ్వర్డు డ్రమ్మండు మొదటి ఆడిటరు జనరలుగా పదవి స్వీకరించుటతో నాంది జరిగినది. రాష్ట్రములలో అకౌంటెంటు జనరలు కచేరీలు వెలసినవి. ఖజానాల నుండి వచ్చు వోచర్లు, భవిష్యనిధి లెడ్జర్లు, పింఛను కాగితములు. ఎవనికి ఎంత జీతము, ఎవనికి ఎంత సెలవు, ఎవడు రిటైరయినప్పుడు ఎంత చెల్లవలెను అనునదంతయు అచ్చట తేలవలెను. పరుల హక్కుల లెక్క ఆ గుమాస్తాల వ్రేళ్లపై ఉండెను. తమ లెక్క మాత్రము ఇతరుల చేతిలో ఉండెను. బొంబాయి అకౌంటెంటు జనరలు కచేరీలోని గెజిటెడు కాని ఉద్యోగులకు, అనగా నియామకము గెజెట్టుకెక్కని వారికి, సివిల్ అకౌంట్సు అసోసియేషను అను సంఘము ఉండెను. అది అఖిల భారత నాన్‌గెజిటెడ్ ఆడిట్ అండ్ అకౌంట్సు అసోసియేషనుకు అనుబంధము. అఖిల భారత సంఘమునకు 1956 డిసెంబరులో ప్రభుత్వపు గుర్తింపు లభించినది. బొంబాయి సంఘమునకు కార్యదర్శి ఇ. ఎక్స్. జోసెఫ్ అను ఉద్యోగి. ఈతడే అఖిల భారత సంఘమునకు ప్రధాన కార్యదర్శి. ఇచట బారిస్టరు లేడు, బయటివాడు లేడు. గుమాస్తా తన నోటితో తానే మాటాడుచుండెను. అర్ధశతాబ్దములో వచ్చిన మార్పు ఇది. దీని విలువ ఎంతయో, దీనికి చెల్లింపవలసిన వెల ఎంతయో తరువాత తెలిసినది.

అప్పటికి కేంద్రోద్యోగుల 1955 నాటి ప్రవర్తన నియమావళిలో రెండు క్రొత్త నియమములు చేరియుండెను. 4-ఎ ప్రకారము ఉద్యోగి తన ఉద్యోగ పరిస్థితులను గురించి ఏ ప్రదర్శనలోను పాల్గొనరాదు, ఏ విధమైన సమ్మెయు చేయరాదు. 4-బి ఇంకను లోతైనది. పుట్టిన ఆరు నెలలలో గుర్తింపు పొందని సంఘములోను, గుర్తింపు నిరాకరింపబడిన సంఘములోను, ఇచ్చిన గుర్తింపు ఉపసంహరింపబడిన సంఘములోను ఏ ఉద్యోగియు చేరరాదు, సభ్యుడుగా కొనసాగరాదు. ఈ చివరి మాటలో ఉన్నది చిక్కు. నిన్న తప్పు కాని సభ్యత్వము, ఉద్యోగి ఏమియు చేయకుండగనే, ప్రభుత్వము వ్రాసిన ఒక్క లేఖతో నేడు తప్పగును.

1959 మేలో ఆ లేఖ వచ్చినది. ప్రభుత్వము అఖిల భారత సంఘపు గుర్తింపును ఉపసంహరించెను. నియమము ప్రకారము సభ్యులందరును మరునాడే సంఘమును విడువవలెను. సంఘము మూతపడలేదు. విడువుమని జోసెఫును అడిగిరి, ఆయన విడువలేదు. ఇందలి సాహసమును కుటుంబీకులు మాత్రమే చక్కగ గ్రహింపగలరు. పెద్ద నగరమున అద్దె ఇల్లు, బడికి పోవు పిల్లలు, ఏండ్ల తరబడి చేసిన సర్వీసు, చివర వచ్చునని నమ్ముకొన్న పింఛను. ఆ కాలపు గుమాస్తాకు ఆస్తి యనదగినది ఇంతయే. ఒక రాజీనామా కాగితముతో అది భద్రమగును. ఆ కాగితము వ్రాయకపోవుటయే ఆయన చేసిన నేరము. 1960 జూన్ 3న, 4-బి నియమమును బుద్ధిపూర్వకముగ ఉల్లంఘించితివని ఛార్జిషీటు చేతికి ఇచ్చిరి.

ఆ ఛార్జిషీటు వచ్చిన వేళ దేశము మరియొక తుఫానులోనికి పోవుచుండెను. జస్టిస్ జగన్నాథదాసుగారి అధ్యక్షతన 1957లో ఏర్పడిన రెండవ వేతన సంఘము 1959 ఆగస్టులో నివేదిక ఇచ్చి కనీస జీతమును, భత్యముతో కలిపి, 80 రూపాయలుగ సూచించినది. 1957 జూలైలో కూడిన 15వ భారత కార్మిక సదస్సు, కనీస వేతనము అవసరములను బట్టి ఉండవలెనని చెప్పియుండెను. సంపాదించువాడొక్కడు, కుటుంబమును మూడు వినియోగ ప్రమాణములుగ లెక్కించి, తిండికి తగిన కెలోరీలు, నలుగురికి ఏడాదికి 72 గజముల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకునకును దీపమునకును ఇతరములకును నూటికి ఇరువది వంతులు అని పద్దు కట్టినది. ఇట్టి పద్దును తప్పు పట్టుటకును, ఒప్పుకొనుటకును ఆడిటు గుమాస్తాను మించినవాడు ఎవడు? ఆ లెక్కకును 80 రూపాయలకును పొత్తు కుదరలేదు. జూలై 8న అత్యవసర సేవల ఆర్డినెన్సు జారీ ఐనది. 11వ తేది అర్ధరాత్రినుండి కేంద్రోద్యోగుల సమ్మె మొదలై అయిదు దినములు నడిచినది. పదునాలుగేండ్ల క్రితము తపాలా ఉద్యోగులు ఆరంభించిన తేదియు జూలై 11యే. సమ్మె ఫలింపలేదు. పాల్గొన్న సంఘముల గుర్తింపులు పోయినవి, అరెస్టులు జరిగినవి, ఉద్యోగములు ఊడినవి. జూలై 25 ప్రాంతమున జోసెఫునకు రెండవ మెమో వచ్చినది. సమ్మె సన్నాహములలోను ప్రదర్శనలలోను పాల్గొని 4-ఎ నియమమును మీరితివి, విచారణ జరుపుదుము, అని దానిలోని సంగతి.

ఆయన బొంబాయి హైకోర్టును ఆశ్రయించెను. ప్రతివాదులలో తాను పనిచేయు కచేరీ అధిపతియైన అకౌంటెంటు జనరలు ఒకడు. హైకోర్టు 4-ఎ చెల్లుననియు, 4-బి చెల్లదనియు చెప్పినది. ఓడిన భాగమునకై ఇరుపక్షములును సుప్రీంకోర్టునకు పోయినవి. అంతలో 1962 ఫిబ్రవరిలో, బీహారు ఉద్యోగుల విషయమైన కామేశ్వర ప్రసాదు వ్యాజ్యమున, ప్రదర్శనలన్నిటిని ఒక్కమాటతో నిషేధించుట రాజ్యాంగమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు నిర్ణయించెను. ప్రభుత్వోద్యోగియైనంతమాత్రమున మనుష్యుడు పౌరుడు కాకపోడను మూలసూత్రము అచట స్థిరపడినది. జోసెఫు వ్యాజ్యమున తీర్పు 1962 అక్టోబరు 30న వచ్చినది. వ్రాసినవారు జస్టిస్ గజేంద్రగడ్కరు. దేశపు చూపంతయు అప్పుడు ఉత్తర సరిహద్దున చైనాతో జరుగు యుద్ధముపై ఉండెను.

తీర్పులోని వాదము గుమాస్తా కూడ అనుసరింపగలిగినంత సూటిగ నున్నది. సంఘము పెట్టుకొను హక్కునకు రాజ్యాంగము ఆనాడు ఒప్పుకొన్న హద్దులు రెండే: ప్రజాశాంతి, నీతి. దేశపు సార్వభౌమత్వము, సమగ్రత అను మాటలు చేరినది మరుసటి యేడు. గుర్తింపు పోవుటకు కారణములు ఎన్నియో ఉండవచ్చును. బయటివానిని కార్యవర్గమున ఉంచుకొన్నందుకు పోవచ్చును, అనుమతి లేక పత్రిక వేసినందుకు పోవచ్చును. వీటికిని ప్రజాశాంతికిని నేరుగ నుండవలసిన సంబంధము ఏది? సంబంధము లేనప్పుడు, గుర్తింపు పోయినదను ఒక్క కారణమున సంఘమును విడువుమనుట తగదు. హక్కును గుర్తింపుతో ముడివేసినచో హక్కు పేరునకు మాత్రమే మిగులును. కావున 4-బి చెల్లదు. 4-ఎ నియమమున ప్రదర్శనలను నిషేధించు భాగమును చెల్లదు. సమ్మెను నిషేధించు భాగము మాత్రము చెల్లును.

ఈ తీర్పును విజయగీతముగ పాడుకొనుట తగదు. సమ్మె హక్కు దొరకలేదు. 2003లో తమిళనాడు ఉద్యోగుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ సంగతిని మరింత కఠినముగ చెప్పినది. గుర్తింపు ఈయవలెనని ప్రభుత్వమును బలవంతపెట్టు హక్కును దొరకలేదు. గుర్తింపు లేని సంఘము ఉండవచ్చును, కాని దాని జాబునకు జవాబు వ్రాయవలసిన పని అధికారికి లేదు. దొరికినది ఒక్కటే. సంఘము ఉండుట యజమానుని దయ కాదు. అతడు మాటాడకపోవచ్చును గాని లేకుండ చేయలేడు. చిన్నదిగ కనబడు ఈ ఒక్కదానికొరకు బల్లయొద్ద కూర్చుండిన మనుష్యుడొకడు మూడేండ్లకు పైగా తన జీవనోపాధిని పణముగ నుంచెను. వేదికలపై దండలు పడునది తరచుగ సమ్మె నడిపినవారికి. సంఘమును విడువక ఊరకుండిన వాని పేరు చట్టపు పుస్తకములలో, అదియు ఘోషు ప్రతిగా జోసెఫు అను వ్యాజ్యపు శీర్షికలో, సగముగ మాత్రము మిగిలినది.

ప్రభుత్వమునకును ఈ తీర్పు తరువాత దారి మార్చుట తప్పనిసరి ఐనది. కొట్టివేయలేని సంఘముతో ఏదో విధమున కూర్చుండవలెను గదా. బ్రిటనులో 1919 నుండి నడుచుచున్న విట్లీ కౌన్సిళ్ల మాదిరిని అనుసరించి, 1966 అక్టోబరు 28న సంయుక్త సంప్రదింపుల యంత్రాంగము ప్రారంభింపబడెను. జాతీయ మండలి, శాఖా మండలి, కచేరీ మండలి అని మూడంతస్తులు. జీతభత్యములు, వారపు పనిగంటలు, సెలవులు ఈ మూడింటిపై పొత్తు కుదరనిచో మధ్యవర్తి తీర్పునకు విడుచుటకు ఏర్పాటు కలదు. గిరిగారు దేనికై మంత్రిపదవి విడిచిరో ఆ మధ్యవర్తి, పండ్రెండేండ్లకు, కొన్ని హద్దులతో, కేంద్రోద్యోగి ఇంటి గుమ్మమునకు వచ్చెను.

1959 నాటి గుర్తింపు నియమములకు బదులు 1993 నవంబరులో క్రొత్త నియమములు వచ్చినవి. ఒక తరగతి ఉద్యోగులలో నూటికి 35 మంది సభ్యులుగా నున్న సంఘమునకు గుర్తింపు ఈయవచ్చును. అట్టిది ఒక్కటే యున్నచో, తరువాతి దానికి నూటికి 15 మంది యున్నను చాలును. సభ్యుల సంఖ్య తేల్చుటకు ఊరేగింపులు, సంతకముల పుస్తకములు అక్కరలేదు. చందా జీతపు పట్టీలోనే మినహాయింపబడవలెను. ఆ మినహాయింపులను లెక్కించి సంఘపు బలమును నిర్ణయింతురు. ఏ నెల జీతపు పట్టీ యైనను తెరచి చూచినచో, భవిష్యనిధికిని ఆదాయపు పన్నుకును సరసన, సంఘపు చందాకు ఒక గడి కనబడును. దానిని నింపువాడు ఒక గుమాస్తా.